ప్రభుత్వ కార్యాలయంలో డేటా విశ్లేషణ పని అప్పగించారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

జిల్లా కార్యాలయంలో డాష్‌బోర్డు, అంటే అంకెలను తెర మీద పటాలుగా చూపే పేజీ, తయారుచేసే బాధ్యత మీకు కొత్తగా అప్పగించారని, అందుకు పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలా అని అడిగారు. నేను గణాంక విభాగంలో మొదట మండలంలో, తర్వాత జిల్లాలో పనిచేశాను. ఆ రెండింటిలో ఏదైనా కొన్ని నెలల్లో చేతికి వస్తుంది. అంతకంటే ముందు, మీ పట్టికలో ఖాళీ గడి కనిపిస్తే దాని అర్థం ఏమిటో కనుక్కోండి.

నాకు ఇది వర్షపాతం లెక్కల దగ్గర తెలిసింది. రోజూ ఉదయం 8.30 గంటలకు మండల కార్యాలయం ఆవరణలో ఉన్న రెయిన్‌గేజ్ తెరిచి, అందులో పడిన నీటిని గీతలున్న గాజు పాత్రలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో రిజిస్టరులో రాసుకుని జిల్లాకు పంపేవాళ్లం. నేను జిల్లాకు మారిన తర్వాత ఒక జూలైలో ఒక మండలం మా తెర మీద ఎర్రగా కనిపించింది. లోటు వర్షపాతం అని నివేదిక కూడా సిద్ధమైంది. ఏదో పని మీద వచ్చిన ఆ మండల వ్యవసాయ విస్తరణ అధికారి తెర చూసి, "మా దగ్గర నాట్లు కూడా పడ్డాయండీ, ఎర్రగా ఎందుకు చూపిస్తున్నారు?" అని అడిగారు. వెంటనే ఆ మండలానికి ఫోను చేసి, రిజిస్టరు తెరిచి ఒక్కో తేదీ చదవమన్నాను. వాన పడిన ఐదు రోజుల అంకెలు రిజిస్టరులో ఉన్నాయి, మా దగ్గర లేవు. ఆ ఐదు రోజుల సమాచారం మాకు అందలేదు. మేము రాసుకున్న సూత్రం ఆ ఖాళీలను సున్నాలుగా కలిపేసింది.

తేడా ఎంత వస్తుందో ఉదాహరణ అంకెల్లో చెబుతాను. నెల సాధారణ వర్షపాతం 160 మి.మీ. అనుకుందాం. 96 నమోదైతే 40 శాతం తక్కువ, అంటే లోటు. జారిపోయిన 45 కలిపితే 141, అంటే 12 శాతమే తక్కువ. వాతావరణ శాఖ వర్గీకరణలో 19 శాతం వరకు హెచ్చుతగ్గులు సాధారణమే. కరువు మండలాల ప్రకటనకు, పెట్టుబడి రాయితీకి మొదట చూసేది ఇలాంటి లెక్కలనే కాబట్టి ఆ ఐదు గడుల వెనుక రైతు కుటుంబాలు ఉన్నాయి. ఆ రోజు నుంచి "కొలిచాం, వాన లేదు", "కొలవలేదు", "సమాచారం రాలేదు" అన్న మూడింటినీ విడివిడిగా నమోదు చేయించాను. నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే.

రెండో విషయం, ఏ అంకె చూపించాలన్నది. నెలలో రెండు రోజులు కుండపోతగా కురిసి, మిగిలిన రోజులన్నీ బెట్ట అయితే మొత్తం సాధారణంగానే కనిపిస్తుంది. చేలో పత్తి మొక్క మాత్రం వాడిపోతుంది. అందుకే 2016 నాటి కేంద్ర కరువు నిర్వహణ మార్గదర్శకాలు వర్షపాతం లోటుతో పాటు బెట్టను కూడా పరిగణనలోకి తీసుకుంటాయి, గ్రామాల్లో క్షేత్ర పరిశీలన కూడా చేయమంటాయి. జిల్లా సగటు ఒక్కటే పెట్టి ఊరుకోకండి. మండలం వారీగా, వారం వారీగా చూపించండి.

పాత సంవత్సరాలతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. పాత జిల్లా పేరుతో ఉన్న అంకెను అదే పేరున్న కొత్త జిల్లాతో పోలిస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది. మండలం అంకెలు తీసుకుని కొత్త హద్దుల ప్రకారం మళ్లీ కలపాలి. ఊరి పేర్లను ఒక్కో శాఖ ఒక్కో రకంగా రాస్తుంది కాబట్టి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలోని కోడ్‌లతో జతచేయండి. విసుగు పుట్టించే పనే, నాకు వారాలు పట్టింది. కానీ ఇది చేశాకే రెండు శాఖల పట్టికలు పక్కపక్కన పెట్టగలిగాను.

ర్యాంకులు పెట్టమని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. వెనుకబడిన జిల్లాల కోసం కేంద్రం 2018లో మొదలుపెట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో 112 జిల్లాలను 49 సూచికలతో కొలుస్తూ, ఎంత మెరుగుపడ్డారన్న దానికి ర్యాంకు ఇచ్చారు. వెనుకబడిన చోటు నుంచి బయలుదేరిన వారికి ఈ పద్ధతి న్యాయం చేస్తుందని నేను నమ్ముతాను. అయితే ర్యాంకు పెడితే అంకెలు నింపేవారి మీద ఒత్తిడి పెరుగుతుంది. అందువల్ల ప్రతి నెలా కొన్ని ఊళ్లను చీటీలు తీసి ఎంచుకుని, అక్కడి రిజిస్టరును మీ తెరతో సరిచూడండి. తేడా వస్తే ముందు మీ సూత్రాన్ని అనుమానించండి, తర్వాతే అవతలి మనిషిని.

సాఫ్ట్‌వేర్ సంగతికి వస్తే, ఎక్సెల్‌లో పివట్ పట్టికలు (పెద్ద పట్టికను కావలసిన విధంగా కుదించి చూపేవి) బాగా వస్తే మొదటి ఏడాది గడిచిపోతుంది. తర్వాత పవర్ బీఐ నేర్చుకోండి. ఈ వారం మాత్రం ఏదైనా ఒక మండలానికి వెళ్లండి. మీ డాష్‌బోర్డులోకి వచ్చే అంకెను మొదట రాసే మనిషి పక్కన ఒక పూట కూర్చుని, ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి.