పట్టా అప్పగించి ఫ్లాటు తీసుకునే ముందు

ప్రశ్న: మాది విశాఖపట్నంలో కంచరపాలెం వైపు కొండవాలులో ఉన్న పేట. 1994లో మా నాన్నగారి పేరిట ప్రభుత్వం 40 గజాలకు ఇంటి పట్టా ఇచ్చింది. అందులో రేకుల ఇల్లు వేసుకున్నాం. నాన్నగారు వీలునామా రాయకుండానే 6 ఏళ్ల క్రితం కాలం చేశారు. ఇప్పుడు పూర్ణా మార్కెట్‌లో పూలు అమ్మే మా అమ్మ, నేను, పెళ్లయిన తమ్ముడి కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటున్నాం. పేటంతా ఖాళీ చేయించి, అక్కడే అపార్టుమెంట్లు కట్టి, ఇంటికో ఫ్లాటు ఇస్తామని అధికారులు సమావేశం పెట్టి చెప్పారు. అంగీకార పత్రం మీద సంతకం పెట్టి అసలు పట్టా అప్పగించమంటున్నారు. సంతకం పెడితే స్థలం మీద మా హక్కు పోతుందా? తమ్ముడికి వేరే ఫ్లాటు వస్తుందా? కట్టడం మధ్యలో ఆగిపోతే మా గతేమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వానాకాలమంతా పై గోడ ఎప్పుడు జారిపడుతుందోనన్న భయంతో గడిపే కొండవాలు పేటలకు గట్టి ఇళ్లు రావలసిందే. అందువల్ల ఈ ప్రతిపాదనను కాదనమని నేను చెప్పను. అయితే మీకు వచ్చే ఫ్లాటు ఎవరో చేసే దానం కాదు. మీ కుటుంబానికి ఇప్పటికే ఉన్న హక్కును ఇచ్చి, దానికి బదులుగా మరో హక్కును పుచ్చుకుంటున్నారు. కాబట్టి ఇచ్చేది ఏమిటో, పుచ్చుకునేది ఏమిటో ఒకే కాగితం మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఆ అంగీకార పత్రం మీద మీరు గాని, మీ అమ్మగారు గాని సంతకం చేయవద్దు.

ముందుగా పట్టా సంగతి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఇంటి స్థలం ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 1977 పరిధిలోకి వస్తుంది. దాన్ని అమ్ముకోవడానికి ఆంక్షలు ఉన్నాయి గాని, వారసత్వంగా అనుభవించడానికి అడ్డు లేదు. ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం దాన్ని తిరిగి తీసుకోదలిస్తే పట్టాదారుకు పూర్తి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. అంటే షరతులు ఉల్లంఘించని పట్టాదారు నుంచి స్థలాన్ని పరిహారం లేకుండా లాక్కోవడానికి చట్టం ఒప్పుకోదు. మీరు స్వచ్ఛందంగా వదులుకున్నట్లు సంతకం చేస్తే మాత్రం ఈ రక్షణ చాలావరకు బలహీనపడుతుంది. "స్థలంపై సమస్త హక్కులను వదులుకుంటున్నాను" అనే వాక్యం ఆ పత్రంలో ఉందేమో ముందుగా చూడండి. ఉంటే, "నాకు ఫ్లాటు రిజిస్ట్రేషన్ జరిగిన రోజు నుంచి మాత్రమే" అన్న మాటలు చేర్చమని రాతపూర్వకంగా అడగండి. అలా చేర్చడానికి నిరాకరిస్తే అదే మీకు హెచ్చరిక అనుకోండి.

పత్రంలో ఏమేమి ఉండాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే నా దగ్గరకు వచ్చే ఇటువంటి వివాదాలలో ఎక్కువ భాగం సమావేశంలో చెప్పిన మాటకు, కాగితం మీద రాసిన మాటకు మధ్య ఉన్న ఖాళీలోనే పుడతాయి. ఫ్లాటు ఇదే సర్వే నంబరులో ఇస్తారని రాసి ఉండాలి, లేకపోతే "నగరంలో లభ్యమైన చోట" అన్న చిన్న మాట మిమ్మల్ని ఊరి చివరకు పంపగలదు. తెల్లవారకముందే పూర్ణా మార్కెట్‌కు చేరవలసిన మీ అమ్మగారికి అది ఇంటి సమస్య మాత్రమే కాదు, బతుకుతెరువు సమస్య కూడా. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఇమిడి ఉందని చెప్పింది ఇటువంటి పరిస్థితిని ఉద్దేశించే. తర్వాత ఫ్లాటు కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే నేల ఎంతో చూడాలి. మీ 40 గజాలు అంటే 360 చదరపు అడుగుల నేల. రాష్ట్రంలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టిడ్కో కట్టిన ఇళ్లలో అతి చిన్న రకం 300 చదరపు అడుగులది. కాబట్టి ఎంత విస్తీర్ణం ఇస్తారో, దానికి మీరు కట్టవలసిన వాటా ఉందా లేదా, ఉంటే ఎంతో అంకెలలో ఉండాలి. నిర్మాణం జరిగే కాలానికి నెలకు ఎంత అద్దె ఇస్తారో, ఎవరు ఇస్తారో, తాళాలు ఎప్పటిలోగా అప్పగిస్తారో, ఆ తేదీ దాటితే అద్దె కొనసాగుతుందో లేదో కూడా రాయించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఫ్లాటుతోపాటు భూమిలో అవిభాజ్య వాటా కూడా రిజిస్టరు చేస్తారా, లేక కేవలం నివాస హక్కు పత్రం ఇస్తారా అని అడగండి. నేల వాటా లేని ఫ్లాటు తీసుకుంటే, రేపు ఆ భవనం పాతబడి కూల్చవలసి వచ్చిన రోజున మీ పిల్లల చేతిలో ఏమీ మిగలదు.

అసలు పట్టాను చేతికి ఇవ్వవద్దు. ధ్రువీకరించిన నకలు ఇవ్వండి. రిజిస్ట్రేషన్ నాడు అసలు కావాలంటే, ఆ రోజే తీసుకువెళ్లి రసీదు తీసుకుని ఇవ్వండి. ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు జిరాక్సులు కూడా ఒకచోట పెట్టుకోండి. ఇంటిపన్ను కట్టినంత మాత్రాన స్థలంపై హక్కు రాదు గాని, మీరు ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నారో చెప్పడానికి అదే బలమైన సాక్ష్యం.

ఈ ఇళ్లు ఏ పథకం కింద కడుతున్నారన్నది మీరు తప్పక అడగవలసిన ప్రశ్న. 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో, మురికివాడ ఉన్నచోటే ఆ భూమిని వనరుగా చేసుకుని పునర్నిర్మించే విభాగం ఒకటి ఉండేది. 2024లో వచ్చిన రెండో దశలో లబ్ధిదారుడే కట్టుకునే ఇల్లు, భాగస్వామ్య గృహాలు, అద్దె గృహాలు, వడ్డీ రాయితీ అనే 4 విభాగాలే ఉన్నాయి. విభాగం మారితే మీ వాటా, అర్హత, ఇంటి పరిమాణం అన్నీ మారుతాయి. సమాచార హక్కు చట్టం కింద పథకం మంజూరు ఉత్తర్వు, ప్రాజెక్టు నివేదిక, లబ్ధిదారుల జాబితా నకళ్లు అడగండి. 30 రోజులలో సమాధానం రావాలి. తెల్ల కార్డు ఉంటే దాని నకలు జతచేయండి, దరఖాస్తు రుసుము ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మహా విశాఖ నగర జనాభాలో 44 శాతం మంది మురికివాడలలోనే నివసిస్తున్నారు, కాబట్టి ఈ ప్రశ్న మీ ఒక్క ఇంటిది కాదు. పేటలో నలుగురూ కలిసి దరఖాస్తు పెడితే ఇంకా మంచిది.

తమ్ముడి విషయంలో ఆశ ఉంది గాని హామీ లేదు. ఆవాస్ యోజనలో కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. కాబట్టి పెళ్లయిన మీ తమ్ముడిది పథకం దృష్టిలో వేరే కుటుంబమే. దేశంలో ఎక్కడా ఆయనకు గాని, భార్యకు గాని పక్కా ఇల్లు లేకపోతే, ఆదాయ పరిమితిలో ఉంటే, విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. కాని "ఒక పట్టాకు ఒక ఫ్లాటు" అన్న లెక్కన పేట జాబితా తయారుచేస్తే, ఆయన పేరు అందులో లేకపోవచ్చు. బయోమెట్రిక్ సర్వేకు వచ్చినప్పుడే రెండు కుటుంబాలుగా రాయించుకోండి, వార్డు సచివాలయంలో ఆ మేరకు వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంట్లో మరో చిక్కు ఉంది. మీ నాన్నగారు వీలునామా రాయలేదు కనుక, హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి సమానంగా ఒక్కో వంతు వస్తుంది. మీరు ఆడపిల్ల అయినంత మాత్రాన మీ వంతు తగ్గదు. ఫ్లాటు ఇంటి మహిళ పేరిట ఇస్తారు కాబట్టి మీ అమ్మగారి పేరు రావడం సహజమే, అందులో తప్పు లేదు. అయితే రేపు అక్కాతమ్ముళ్ల మధ్య మనస్పర్థలు రాకుండా, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, ముగ్గురూ కలిసి ఒక ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించుకోండి.

కట్టడం ఆగిపోతే అన్న మీ భయం సహేతుకమైనదే. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా), 2016 ప్రభుత్వ సంస్థలను కూడా ప్రమోటర్లుగానే చూస్తుంది, గడువు దాటితే సెక్షన్ 18 కింద వడ్డీ అడిగే హక్కు కల్పిస్తుంది. కొత్త కేటాయింపు గాని, అమ్మకం గాని లేని పునర్నిర్మాణానికి రెరా నమోదు అక్కరలేదన్న మినహాయింపు ఉంది, మీ విషయంలో ఆ వాదన రావచ్చు. కొన్ని ఫ్లాట్లు బయటివారికి అమ్ముతున్నారని తెలిస్తే ఆ వాదన నిలవడం కష్టం. మీరు వాటా సొమ్ము కట్టి ఉంటే వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో గృహనిర్మాణ సంస్థ అందించేది కూడా సేవేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ప్రతి వాయిదాకు రసీదు ఉంటేనే ఈ దారులు తెరుచుకుంటాయి.

ఒప్పుకోకపోతే బుల్డోజరు వస్తుందేమోనని బెదరవద్దు. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి, మీ వాదన వినాలి. రోడ్డు, రైలు పట్టాల పక్క, జలాశయాల వంటి చోట్ల ఆక్రమణలకు మాత్రం ఆ రక్షణ వర్తించదు. పట్టా ఉన్న మీ ఇల్లు ఆ కోవలోకి రాదు. నోటీసు వస్తే ఆ రోజే రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి, జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు, హైకోర్టులో రిట్ వేయవలసి వచ్చినా సహాయం అందుతుంది. మీ అమ్మగారు దరఖాస్తు పెడితే చాలు. నోటీసు కోసం ఆగకుండా ముందే వెళ్లి, అంగీకార పత్రం నకలు వారికి చూపించి, అందులో ఏ మాట మార్చాలో రాయించుకుని, తరువాతి సమావేశానికి ఆ కాగితంతోనే వెళ్లండి.