మాత్ర మొదలుపెట్టిన మొదటి నెల

చిరంజీవికి,

నీ ఉత్తరం చదివాను. మీ ఆవిడ ఆందోళనకు మాత్ర మొదలుపెట్టి 9 రోజులైంది, గాబరా తగ్గకపోగా ఎక్కువైంది, కడుపులో తిప్పుతోంది, అర్ధరాత్రి లేచి కూర్చుంటోంది, మాన్పించేద్దామా పెద్దమ్మా అని అడిగావు. మీ అంతట మీరు మాన్పించకండి. మందు రాసిన డాక్టరుకు ఇవాళే ఫోను చేసి ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. ఆ పని అయ్యాక తక్కిన ఉత్తరం తీరిగ్గా చదువు.

నేను డాక్టరును కాను. మీ పెదనాన్నతోనూ ఆయన ఆందోళనతోనూ 22 ఏళ్లుగా కాపురం చేస్తున్నదాన్ని, అంతే.

అమ్మాయి వేసుకుంటున్న ఎస్సిటాలోప్రామ్, దాని వరసవే అయిన సెర్ట్రలిన్, పారోక్సెటిన్, అన్నీ సెరటోనిన్ అనే రసాయనం మీద పని చేసే మందులే. వీటి తీరే వింత. బాధలు మొదటి వారంలోనే మొదలవుతాయి. మేలు కనిపించడానికి మాత్రం 2 నుంచి 6 వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. సరుకు ఇవ్వకముందే డబ్బు వసూలు చేసే వ్యాపారి బాపతు. కడుపులో ఎందుకు తిప్పుతుందో తెలిశాక నాకు సగం భయం పోయింది. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. కాబట్టి ముందుగా గొడవ చేసేది కడుపే. ఏదైనా తిన్నాక వేసుకుంటే కాస్త నయం. నిద్ర చెడుతుంటే మాత్రను పొద్దుటి పూటకు మార్చవచ్చేమో డాక్టరును అడగండి. మొదటి ఒకటి రెండు వారాల్లో గాబరా పెరగడమూ ఉంటుంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టేది అందుకే.

అన్నింటికీ ఓపిక పట్టమని మాత్రం అనను. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయన్నా, ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేకపోతున్నా, నిద్ర లేకుండానే విపరీతమైన హుషారు కనబడినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. మొదటి రకం ఆలోచనలైతే అసలు ఒంటరిగా వదలవద్దు. 24 ఏళ్లలోపు వాళ్ల విషయంలో ఈ హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచి మందుల కాగితం మీదే వేయిస్తోంది. మన అమ్మాయి వయసు నాకు గుర్తుంది కాబట్టి రాస్తున్నాను. జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకోవడం, మాట తడబడటం కలిసి వస్తే నేరుగా ఆసుపత్రికే. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందులు దీనితో కలిస్తే అలా జరగవచ్చు. పంటి నొప్పికి వెళ్లినా సరే, ఈ మందు పేరు చెప్పాలి.

ఇక నేను చేసిన తప్పు. మందు మొదలైన ఎనిమిదో నెలకు ఆయన మామూలు మనిషయ్యారు. "ఇంకా ఎందుకండీ ఈ మాత్రలు" అన్నది నేనే. ఆయన మారు మాట్లాడకుండా మానేశారు. మూడో రోజు పొద్దున అద్దం ముందు తల దువ్వుకుంటున్నారు. నేను పిలిస్తే ఇటు తిరిగారు, తిరుగుతూనే దువ్వెన వదిలేసి తలుపు పట్టుకున్నారు. "తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంది" అన్నారు. కళ్లు పక్కకు తిప్పినా అదే. నాకు పక్షవాతమేమో అనిపించి కాళ్లు ఆడలేదు. డాక్టరు మాత్రం ఒకటే అడిగారు, మాత్ర ఏ రోజు మానేశారని. ఆయన వాడిన పారోక్సెటిన్ ఒంట్లోంచి తొందరగా పోయే మందు. దానికి అలవాటుపడిన మెదడు సర్దుకోవడానికి వ్యవధి దొరకలేదు. మళ్లీ మొదలుపెట్టి, ఆ తర్వాత ఎప్పుడో నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. బాగుండటం మందు వల్లనే అయినప్పుడు, బాగున్నారు కదా అని మందు మాన్పించాను. ఇంత చదువుకుని!

అవసరమైతే వేసుకోమని అల్‌ప్రజోలామ్ కూడా ఇచ్చారన్నావు. అది వేరే జాతి. గంటలోపే పని చేస్తుంది, మత్తుగా ఉంటుంది, కొన్ని వారాలు రోజూ వాడితే అలవాటు పట్టుకుంటుంది. అలా వాడి హఠాత్తుగా మానితే మూర్ఛ కూడా రావచ్చు. మద్యంతో అసలు కలవకూడదు. వేసుకున్నాక బండి నడపనివ్వకు.

పెద్దమ్మ ఇలాంటివి కూడా రాస్తుందా అనుకోకు, ఇంకెవరూ నీకు చెప్పరు. ఎస్సిటాలోప్రామ్ వరస మందులతో చాలామందికి పడకగదిలో కోరిక తగ్గుతుంది, లేదా తృప్తి ఆలస్యమవుతుంది. ఇది వికారంలా పది రోజుల్లో పోయేది కాదు, మందు వాడినంత కాలం ఉండవచ్చు. కొందరికి ఏడుపూ రాదు, నవ్వూ రాదు, అంతా చదునుగా ఉంటుంది. నా మీద ఇష్టం పోయిందని నేను ఆరు నెలలు లోలోపల కుమిలాను. ఆయన సిగ్గుతో చెప్పలేదు, నేను అభిమానంతో అడగలేదు. మోతాదు మార్చడమో, మందు మార్చడమో డాక్టర్ల చేతిలో దారులున్నాయి. నోరు తెరవాలి, అంతే.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. రోజుకొక్క వరుస. మాత్ర ఎన్నింటికి, నిద్ర ఎన్ని గంటలు, కడుపు ఎలా ఉంది, గాబరా పదికి ఎంత. రాసేది అమ్మాయే, నువ్వు కాదు. నువ్వు రాస్తే అది పోలీసు డైరీ అవుతుంది. దెబ్బలాటలో "ఇవాళ మాత్ర వేసుకున్నావా" అని ఎప్పుడూ అనకు. నేను అన్నాను, ఒకే ఒక్కసారి. ఆయన కోపానికి న్యాయమైన కారణమే ఉంది. ఆ మాటతో దాన్ని జబ్బు ఖాతాలో వేసేశాను. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు.

అన్నింటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నది ధైర్యం చెప్పడం గురించి. "నాకు గుండెజబ్బు లేదు కదా" అని ఒక సాయంత్రం ఆయన పదకొండు సార్లు అడిగారు. పరీక్షలన్నీ అప్పటికే అయ్యాయి. పదకొండు సార్లూ లేదన్నాను. ప్రతి జవాబుకూ ఐదు నిమిషాల శాంతి, తర్వాత మళ్లీ అదే ప్రశ్న. కౌన్సెలింగ్‌లో చెప్పారు, అలా బదులిచ్చే కొద్దీ గాబరాకు మేత వేస్తున్నట్టేనని. ఆ తర్వాత ఒక్కసారే జవాబు చెప్పేదాన్ని. రెండోసారికి "అడుగుతున్నది మీరా, గాబరానా" అనేదాన్ని. మొదట్లో విసుక్కున్నారు. ఈ పద్ధతిని ఇద్దరూ ముందే అనుకుని మొదలుపెట్టాలి, లేకపోతే చులకన చేసినట్టు ఉంటుంది. ఆమె భయపడే పనులన్నీ నువ్వే చేసిపెట్టడమూ ఇలాంటిదే. ఫోన్లన్నీ నువ్వే ఎత్తితే ఆ ఫోను రోజురోజుకీ పెద్దదైపోతుంది.

గాబరా ముంచుకొచ్చినప్పుడు మాత్రం పాఠాలు వద్దు. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి దిగుతుంది. పక్కన కూర్చుని నువ్వే నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదులుతూ ఉండు, ఆమె అందుకుంటుంది.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు అమ్మాయి ఎదుటే మాట్లాడు, పక్క గదిలోకి వెళ్లి చాటుగా కాదు. ఆయన ఏమన్నారో నాకు రాయి.

మీ పెదనాన్న విషయాలు ఇన్ని రాశాను కదా అని పంపేముందు చదివి వినిపించాను. పడకగది సంగతి దగ్గర కళ్లజోడు తుడుచుకున్నారు, ఉంచమన్నారు. ఒక్కచోట మాత్రం ఒప్పుకోలేదు. పదకొండు సార్లు కాదట, తొమ్మిదేనట.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ