రియాద్ ఉద్యోగం: జీతం కన్నా ముందు చూసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రియాద్‌లోని ఒక నిర్మాణ సంస్థ నెలకు 15,000 రియాళ్ల జీతంతో ఇంజినీరు ఉద్యోగం ఇస్తోంది. భార్య, ఇద్దరు పిల్లలను వెంట తీసుకెళ్తాను. అక్కడి బ్యాంకులో అప్పు తీసుకుని ఇక్కడి ఇంటి రుణం తీర్చేసి, నాలుగైదేళ్లలో గ్రాట్యుటీతో తిరిగి రావాలని ఆలోచన. రాజకీయాల జోలికి వెళ్లను కాబట్టి అక్కడి పాలన గురించి దిగులు లేదు. నా ప్రణాళిక సరైనదేనా?

జవాబు: ఉద్యోగానికి వెళ్లండి. అప్పు ఆలోచన మాత్రం ఈ రోజే మానుకోండి.

ఇక్కడ వాయిదాలు ఆగితే బ్యాంకు నోటీసులు ఇస్తుంది, చివరికి ఇంటిని వేలం వేస్తుంది. అక్కడ వాయిదాలు ఆగి వ్యవహారం కోర్టుకు వెళ్తే ఖాతాలు స్తంభించడంతోపాటు మీరు దేశం దాటకుండా నిషేధం పడవచ్చు. ఉద్యోగం ఉండదు, తిరిగి రావడానికీ వీలుండదు. 2021 సంస్కరణల తర్వాత ఒప్పందంపై పనిచేసేవారు యజమాని అనుమతి లేకుండానే దేశం విడిచి వెళ్లవచ్చు. కోర్టు విధించిన నిషేధానికి ఆ సంస్కరణ వర్తించదు. వడ్డీ ఎంత తక్కువైనా ఈ మార్పిడి మీకు నష్టమే.

రాజకీయాలకు దూరంగా ఉంటే చాలని మీరు అనుకుంటున్నారు. కార్మిక సంఘాలు, సమ్మెలు లేని చోట జీతం ఆగడమే పెద్ద ఆపద. 2016లో సౌదీ ఓజెర్ అనే భారీ నిర్మాణ సంస్థ నెలల తరబడి జీతాలు ఇవ్వలేదు. జెద్దా శిబిరాల్లో వేలాది భారతీయ కార్మికులు తిండికి కూడా ఇబ్బంది పడ్డారు, మన కాన్సులేట్ ఆహారం పంచాల్సి వచ్చింది. చాలామంది బకాయిలు అందకుండానే ఇంటికి చేరారు. ఆ మరుసటి ఏడాది సంస్థే మూతపడింది. వాళ్లలో ఎవరూ రాజకీయాలు మాట్లాడినవారు కాదు.

కాబట్టి గ్రాట్యుటీని చేతికి అందేవరకు మీ ఆస్తుల జాబితాలో రాసుకోవద్దు. అక్కడి చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి అరనెల జీతం వస్తుంది. నాలుగేళ్లకు సంస్థే మిమ్మల్ని తొలగిస్తే 30,000 రియాళ్లు. అదే మీరు రాజీనామా చేస్తే అందులో మూడో వంతు, అంటే 10,000 మాత్రమే. అసహనంతో ఒక్క కాగితం మీద సంతకం పెడితే పోయే తేడా అది.

డబ్బును అక్కడ పోగుచేయకండి. రెండు నెలల ఖర్చు ఉంచుకుని మిగిలినది ప్రతి నెలా ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (విదేశాల్లో ఉండే భారతీయులు ఇక్కడి బ్యాంకులో తెరిచే రూపాయి ఖాతా) పంపండి. ఆ వడ్డీపై ఇక్కడ పన్ను లేదు. రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గరే స్థిరంగా ఉంది. రూపాయి ఇంకా పడిపోతుందని అనిపిస్తే ఇక్కడి బ్యాంకులోనే ఎఫ్‌సీఎన్‌ఆర్ అనే విదేశీ కరెన్సీ డిపాజిట్‌లో డాలర్లుగానే దాచుకోవచ్చు. మీ భార్య కూడా అక్కడికి వచ్చాక ఖాతాను ఆమెతో ఉమ్మడిగా, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా మార్చండి. అక్కడ ఆమె, పిల్లల నివాస అనుమతి మీ ఇఖామాతో, అంటే మీ నివాస అనుమతి పత్రంతో ముడిపడి ఉంటుంది. మిమ్మల్ని ఎవరైనా ప్రశ్నించడానికి తీసుకెళ్తే, విమాన టికెట్టు కొనే డబ్బు ఆమె చేతిలో ఉండి తీరాలి.

ఇది అతిగా భయపెట్టడం కాదు. ప్రభుత్వాన్ని విమర్శించిన పోస్టులకు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడికి 2023లో మరణశిక్ష విధించి, తర్వాత దాన్ని 30 ఏళ్ల జైలుగా మార్చారు. మీరు పోస్టులు పెట్టకపోవచ్చు. కానీ తోటి తెలుగువారు ఎవరైనా చనిపోతే వాట్సాప్ గ్రూపులో చందాలు పోగుచేయడం మనకు సహజం. అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం అక్కడ నేరం. అలాంటి సందర్భంలో రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. హుండీలో, అంటే బ్యాంకులతో పనిలేకుండా దళారుల ద్వారా డబ్బు పంపడం కూడా అంతే ప్రమాదం, రేటు ఎంత ఎక్కువ ఇచ్చినా సరే.

టర్మ్ బీమా వెళ్లకముందే తీసుకోండి.

ఇక కుటుంబం సంగతి. వెంట ఉండే ఒక్కొక్కరికీ నెలకు 400 రియాళ్ల రుసుము ఉంది. మీ ముగ్గురికి ఏడాదికి 14,400, అంటే దాదాపు ఒక నెల జీతం. ఇది, పాఠశాల ఫీజు, ఇంటి అద్దె ఎవరు భరిస్తారో ఒప్పందంలో రాతపూర్వకంగా ఇవ్వమని సంస్థను అడగండి. ఇవ్వకపోతే మొదటి ఏడాది మీరొక్కరే వెళ్లండి. జీతం వరుసగా ఏ తేదీన పడుతోందో చూశాకే వాళ్ల వీసాలకు దరఖాస్తు చేయండి.