సర్పంచ్ అల్లుడికి, సున్నపురాయి పైసల గురించి

చిరంజీవి అల్లుడికి,

సర్పంచ్‌గా గెలిచినవని మీ అత్త చెప్పింది. సంతోషం. సిమెంట్ ఫ్యాక్టరీ వాళ్లు ఊరి ముంగట కమాను కట్టిస్తమంటున్నరని కూడ విన్న. కట్టించుకో, వద్దనను. అది వాళ్లు ఇష్టపడి ఇచ్చేది. ఇయ్యక తప్పనిది వేరే ఉన్నది, ముందు దాని లెక్క చూడు.

మన హుజూర్‌నగర్, మేళ్లచెరువు దిక్కు తవ్వే సున్నపురాయికి టన్నుకు 80 రూపాయల రాయల్టీ. అది రాష్ట్రానికి పోతది. 2015ల గనుల చట్టం సవరించినప్పటి సంది దాని మీద ఇంకింత జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే ట్రస్టుకు కట్టాలె. ఆ ఏడు జనవరి 12కు ముందటి లీజైతే రాయల్టీల 30 శాతం, తర్వాత వేలంల వచ్చిన లీజైతే 10 శాతం. పాత గనిల 25 టన్నుల టిప్పర్ కాంటా ఎక్కిందంటే ఆ ట్రస్టుకు 600 రూపాయలన్నట్టు. రోజుకు ఎన్ని టిప్పర్లో మన పోరగాళ్లకే తెలుసు.

ఆ పైసలు పంచాయతీ ఖాతాల పడవు, జిల్లా ట్రస్టుల పడతయి. గనులతోని నష్టపోయిన ఊర్ల కోసమే పెట్టిన్రు గానీ, అడగని ఊరిని ఎవరు యాది చేస్తరు? గ్రామసభ పెట్టి తీర్మానం రాయించు, నకలు కలెక్టరేట్ల ఇచ్చి ముద్ర ఏయించుకో. రోడ్డు మాత్రం అడగకు. వాళ్ల లారీలు నడిచే రోడ్డుకు మన పైసలెందుకు? తాగునీళ్లు, దవాఖాన, దుమ్ము కాలుష్యం, బడి: ఈ పనులకే ఎక్కువ వాటా ఖర్చు పెట్టాలని నిబంధనల్లనే ఉన్నది.

రాయి అమ్మిన పైస పంట పైస కాదు అల్లుడా, చెలక అమ్మిన పైస. పసిఫిక్ సముద్రంల నౌరు అని 21 చదరపు కిలోమీటర్ల దీవి ఉన్నది. 1968ల స్వతంత్రమైంది. ఫాస్ఫేట్ అమ్మి, 1970లల్ల తలసరి ఆదాయంల ప్రపంచంల ముందు వరుసల నిలబడ్డది. ఆ పైసలు విమానాలకు, పరాయి దేశాల బిల్డింగులకు, ఆఖరికి 1993ల లండన్‌ల ఆడించిన ఒక నాటకానికి కూడ పెట్టిన్రు. ఆ నాటకం ఎక్కువ రోజులు ఆడలేదు. ఫాస్ఫేట్ ఒడిసింది, దాచిన ఫండు కరిగింది, దీవి నడుమ ఇప్పుడు మొనదేలిన రాళ్లే. బోట్స్‌వానాల 1967ల వజ్రాలు దొరికితే, సర్కారు గని కంపెనీల సగం వాటా పట్టింది, బడులు రోడ్లు ఏసింది, 1994ల పులా ఫండ్ పెట్టి కొంత దాచింది. ల్యాబుల చేసిన వజ్రాలొచ్చి ఇప్పుడు వాళ్లకూ కష్టమే, అది వేరే ముచ్చట.

ఇంకోటి. పర్యావరణ అనుమతి షరతులు ఎట్ల పాటిస్తున్నరో కంపెనీ 6 నెలలకోసారి, జూన్ 1న, డిసెంబర్ 1న రిపోర్టు ఇయ్యాలె. అనుమతి పత్రం నకలు పంచాయతీల ఉండాలె. సెక్రటరీని బీరువా ఎతకమను, లేకుంటే కంపెనీకి ఉత్తరం రాయి. ఆ 6 నెలల రిపోర్టుల దుమ్ము లెక్క, బోరు నీళ్ల లెక్క చూడు. గని మూసేటప్పుడు గుంతలు ఏం చేస్తరో మైన్ క్లోజర్ ప్లాన్‌ల ఉంటది, అది కూడ అడుగు. మిరప తోటల మీద తెల్లగ పడే దుమ్ము ఫోటోలు తారీఖుతోని తీసి పెట్టు, నోటిమాటను ఆఫీసుల ఎవరూ పట్టించుకోరు.

కాగితాలు దొరికినంక బస్సెక్కి రా, కూసొని చదువుదాం.

మీ మామ