ఒక్క పనే పట్టుకుంటే గడుస్తుందా?

ఉపాధి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఫ్యాన్లు, మిక్సీలు, ఇంటి మోటార్లు, బోరు మోటార్లు అన్నీ బాగుచేస్తాను. పదేళ్లయినా చేతిలో మిగిలిందేమీ లేదు. బోరు మోటార్ల వైండింగు (కాలిన తీగ తీసి కొత్తది చుట్టడం) ఒక్కటే పెట్టుకుంటానంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: పెట్టుకోండి. అయితే బోరు మోటార్లన్నీ అనుకోకుండా ఇంకాస్త కుదించండి. త్రీఫేజు, లోపల నీళ్లు నింపే రకం, 3 నుంచి 7.5 హెచ్‌పీ లోపు. అంతే. అప్పుడు పాలీ వైరు (ప్లాస్టిక్ పూత ఉన్న రాగి తీగ) నాలుగైదు సైజులు, వాటికి తగిన బుష్‌లు, థ్రస్టు బేరింగులు ఉంటే చాలు. ఇప్పుడు మిక్సీ బ్రష్‌ల దగ్గర్నుంచి ఫ్యాను కెపాసిటర్ల దాకా కొని పెట్టుకుంటున్నారు కాబట్టి మీ డబ్బంతా అరల్లోనే ఉండిపోతోంది.

మొక్కజొన్న గింజ పాలు పోసుకునే వేళ మోటారు కాలితే రైతు రేటు గురించి పెద్దగా మాట్లాడడు, ఎప్పుడిస్తావని అడుగుతాడు. అందుకని 5 హెచ్‌పీ మోటార్లు రెండు సిద్ధంగా ఉంచుకుని, పని అయ్యేదాకా అద్దెకివ్వండి. మీ ఊరి చుట్టూ ఈ ఒక్క ఏర్పాటుకే గిరాకీ కుదురుకుంటుంది.

ఇక అసలు సంగతి. కాలిన తీగ తీసేసి కొత్తది చుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎందుకు కాలిందో చెప్పేవాళ్లే తక్కువ. విప్పగానే రంగు చూడండి. మూడు ఫేజుల చుట్లను కలిపే పద్ధతులు రెండు: స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు నల్లబడి మూడోది బాగుంటే కరెంటు ఒక ఫేజు పోయినట్టు. డెల్టాలో అదే తప్పుకి ఒక ఫేజు మాత్రమే మాడుతుంది. మొత్తం ఒకేలా నల్లబడితే లో వోల్టేజో, ఇసుక పట్టి రోటారు బిగుసుకోవడమో, ఓవర్‌లోడో. ఒకే చోట చుక్కలా కాలితే తీగ పైపూత చిట్లినట్టు. ఇది మాత్రం చుట్టినవాడి తప్పే కావచ్చు, ఒప్పుకోండి. కారణాన్ని బిల్లు మీద రాసివ్వండి. రాయకపోతే అదే స్టార్టరుకు అదే మోటారు తగిలిస్తారు, నెలలోపు మళ్లీ మీ గుమ్మంలో ఉంటుంది. మాట మీకే వస్తుంది.

పాత చుట్టు విప్పేటప్పుడు కాయిల్‌కి చుట్లెన్ని, తీగ మందం ఎంత, ఎన్ని స్లాట్లు దాటి వేశారు, కనెక్షన్ స్టారా డెల్టానా అన్నవి కంపెనీ, మోడలు వారీగా పుస్తకంలో ఎక్కించండి. రెండేళ్లకు ఆ పుస్తకమే మీ ఆస్తి. తీగను కాల్చి తీయవద్దు, స్టాంపింగుల (లోపలి పల్చటి ఇనుప రేకుల) మధ్య ఇన్సులేషన్ పోయి మోటారు వట్టినే వేడెక్కుతుంది. చుట్టాక మూడు ఫేజుల రెసిస్టెన్సు సమానంగా ఉందో లేదో చూడండి. రాత్రంతా నీళ్లలో ఉంచి, తెల్లారి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టండి. పొడిగా ఉన్నప్పుడు బాగా చూపించి తడిలో పడిపోయిందా, జాయింటో, తీగ పైపూతో దెబ్బతింది. దాన్ని అలాగే ఇచ్చేయకండి.

దించేటప్పుడు మీరో, మీ మనిషో ఉండాలి. మోటారులో శుభ్రమైన నీళ్లు నింపి, కదిపి గాలి పోగొట్టి, మళ్లీ నింపాలి. ఇది మరిచిపోతే బుష్‌లు మాడతాయి. కేబుల్ జాయింట్లు మూడూ ఒకే చోట రాకుండా ఎగుడుదిగుడుగా వేసి, రబ్బరు టేపు చుట్టి, పైన పీవీసీ టేపు చుట్టండి. నీళ్లు తక్కువొస్తే తిరుగుడు తిరగబడి ఉండవచ్చు, ఏవైనా రెండు ఫేజులు మార్చి చూడండి. ఓవర్‌లోడ్ రిలేను (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది) నేమ్‌ప్లేటు ఆంపియర్లకే పెట్టండి. మాటిమాటికీ పడిపోతోందని రైతు పెంచమంటాడు, పెంచకండి.

మిక్సీ పని రేపే మానేయకండి. వానలు పడితే బోరు మోటార్ల పని సన్నగిల్లుతుంది. ఆ నెలలకు స్టార్టరు పెట్టెల రిపేరు జోడించుకోండి. ముందు ఈ రబీ మొత్తం ఏ పనికి ఎన్ని గంటలు పట్టింది, ఎంత మిగిలింది అని రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. మాటల కంటే ఆ లెక్కే పనిచేస్తుంది.

ప్రశ్న: మాది చిన్న జీడిపప్పు యూనిట్. పెద్ద గుండ్లు, అంటే 180 గ్రేడు ఒక్కటే చేసి అమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, కాశీబుగ్గ

జవాబు: కుదరదమ్మా. గ్రేడు మీ చేతిలో లేదు, పిక్కలో ఉంది. మంచి జీడిపిక్క 80 కిలోల బస్తా కొడితే సుమారు 20–22 కిలోల పప్పు వస్తుంది. అందులో 180 గ్రేడు, అంటే 454 గ్రాములకు 170–180 గుండ్లు తూగేది, కొంతే ఉంటుంది. మిగతా 320లు (చిన్న గుండ్లు), బద్దలు, ముక్కలు ఎవరికి అమ్ముతారు?

సరుకును కాకుండా కొనేవాళ్లను కుదించుకోండి. కాజూ కత్లీ చేసే మిఠాయి దుకాణాలకు పప్పు పగిలినా ఫరవాలేదు, రంగు మాత్రం తెల్లగా ఉండాలి. కొట్టే ముందు పిక్కకు పట్టే ఆవిరి ఎక్కువైతే పప్పుకి మరకలు పడతాయి. తక్కువైతే పెంకు వదలక పప్పు విరుగుతుంది. ఆవిరి పట్టిన పిక్కను ఒక రోజు ఆరనిచ్చాకే కొట్టండి. బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) 70 డిగ్రీలు దాటనివ్వకండి. తేమ 5 శాతం లోపు ఉంటేనే మూట కట్టండి. పొట్టు, నూక జల్లెడ పట్టిన తెల్ల ముక్క ప్రతిసారీ ఒకే రకంగా అందితే, పది రూపాయలు తక్కువని ఆ దుకాణాలు అంత త్వరగా మనిషిని మార్చవు.

ప్రశ్న: బ్లౌజులు తప్ప ఏమీ కుట్టనంటే గిరాకీ పోతుందా?
– ఒక టైలరు, రాజాం

జవాబు: చీరలు కట్టే ఊరిలో పోదు. ఒక్కొక్కరి కొలతకీ అట్ట కాగితం ప్యాటర్న్ కత్తిరించి, పేరు రాసి దాచండి. పక్క కుట్టులో అంగుళం గుడ్డ వదలండి. కాటన్ లైనింగును తడిపి ఆరేశాకే కత్తిరించండి, లేదంటే మొదటి ఉతుకులోనే బిగుసుకుంటుంది.