అద్దె ఇవ్వకపోతే తాళం వేసేయొచ్చా?

విజయవాడ పటమటలో మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చాం, అయిదు నెలలుగా అద్దె లేదు, అడ్వాన్సు కూడా అందులోనే పోయింది, తాళం వేసి కరెంటు పీకేయొచ్చా అని అడిగారు. ఆ రెండు పనులూ చెయ్యకండి.

గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ ఇంట్లో ఒకాయన దిగాడు, మిర్చి వ్యాపారం. అద్దె అడిగితే "యార్డులో డబ్బు రావాలండీ" అనేవాడు. వేసవిలో "యార్డుకి సెలవులు కదండీ". సీజనొచ్చాక రేటు పడిపోయిందట. ఎంత మర్యాదగా చెప్పేవాడంటే, మనమే ఆయనకి బాకీ ఉన్నామేమో అనిపించేది! చివరికి మా బావగారు సామాను రోడ్డున పడేద్దామని కుర్రాళ్ళని పోగేశారు.

లాయరు గారు ఆపారు. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా ఖాళీ చేయిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ యాక్టు 6వ సెక్షన్ కింద అద్దెకున్నాయన ఆరు నెలల్లోపు దావా వేసి మళ్ళీ లోపలికి రావచ్చు. ఇల్లు మనదే అన్న వాదన అక్కడ చెల్లదు. స్టేషన్‌కి మనం వెళితే "సివిల్ మేటరండీ" అని పంపేస్తారు, అదే ఆయన వెళ్ళి సామాను పడేశారంటే మన మీద కేసవుతుంది.

అందుకని ముందు ఖాళీ చేయమని నోటీసు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల గడువు చాలు. అగ్రిమెంటు గడువు ఇంకా ఉంటే మాత్రం అందులో ఏం రాసుకున్నారో లాయరుకి చూపించండి. నోటీసు స్పీడ్ పోస్టులో పంపించండి (రిజిస్టర్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి అందులోనే కలిసిపోయింది). తీసుకోలేదని కవరు తిరిగొస్తే చింపకండి, అలాగే దాచండి, కోర్టులో పనికొస్తుంది. "వచ్చే వారం వేస్తానండీ" అన్న వాట్సాప్ మెసేజులు కూడా చెరపకండి, బాకీ ఒప్పుకున్నట్టే కదా. నోటీసు గడువు దాటాక ఆయన డబ్బు ఇవ్వబోతే లాయరుని అడగకుండా తీసుకోవద్దు. కొత్త నెల అద్దెగా పుచ్చుకుంటే నోటీసుని మీరే వదులుకున్నారని అదే చట్టంలో 113వ సెక్షన్ చూపిస్తారు.

కరెంటు సర్వీసు మీ పేరున ఉంటే బిల్లు మీరే కట్టి రసీదులు బకాయిలో కలపండి, లేకపోతే అది మీ సర్వీసు నంబరు మీదే పేరుకుంటుంది. అద్దె బకాయికి దావా వేయడానికి మూడేళ్ళు గడువుంది, కాబట్టి కంగారు పడక్కర్లేదు. అలాగని నానబెట్టొద్దు.

మా సంగతి కోర్టు దాకా పోలేదు. న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే, కేసు వేయకముందే ఇద్దరినీ లోక్ అదాలత్‌కి పిలిచారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాజీ అయితే వచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఆయన రాకపోయినా, ఒప్పుకోకపోయినా దావా వేయక తప్పదనుకోండి. మా అమ్మ సగం బకాయి వదిలేసి ఖాళీ చేసే తేదీ రాయించుకుంది. బావగారికి ఇప్పటికీ కోపమే. నాకైతే అదే చౌక బేరం.

రాజీ కుదిరితే తేదీతో పాటు మీటరు రీడింగు, నీళ్ళ బిల్లు ఎవరు కట్టాలో కూడా రాయించండి. తాళాలు తీసుకునేటప్పుడు పోర్షన్ ఖాళీగా అప్పగించానని సంతకం పెట్టించుకుని, ఆ తరవాతే టులెట్ బోర్డు కట్టండి.