32 రోజుల కోడిపిల్లలకు నట్టల మందు ఎందుకు?

ప్రశ్న: బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర షెడ్డులో 600 గిరిరాజ జాతి కోడిపిల్లలను పెంచుతున్నాను. వయసు 32 రోజులు. నాలుగు రోజులుగా రెట్టలో రక్తం, తెల్లటి దారాల్లాంటివి కనిపిస్తున్నాయి. పిల్లలు రెక్కలు వేలాడేసి ముడుచుకుంటున్నాయి. రోజుకు ఐదారు చనిపోతున్నాయి. నట్టలేనని మందుల షాపులో చెబితే రెండుసార్లు పైపరజిన్ తాగించాను, తగ్గలేదు. ఇంకా బలమైన మందు ఏది? పెరట్లో తిరిగే 30 నాటుకోళ్లకు కూడా వేయాలా?

జవాబు: బలమైన నట్టల మందు జోలికి వెళ్లకండి. మీరు చెప్పిన లక్షణాలు కాక్సీడియోసిస్‌వి, అంటే రక్తపారుడు. ఏలికపాము గుడ్డు కోడి కడుపులో పడ్డాక పెరిగి పెద్ద పాము కావడానికి 5 నుంచి 8 వారాలు పడుతుంది. మీ పిల్లల వయసే 32 రోజులు! ఆ దారాలు పేగు లోపలి పొర ఊడి వచ్చిన జిగట ముక్కలు అయి ఉంటాయి.

ఈరోజే 20 శాతం ఆంప్రోలియం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున కలిపి 5 రోజులు ఇవ్వండి. తర్వాత 7 రోజులు లీటరుకు 0.3 గ్రాములు చాలు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి, షెడ్డులో వేరే నీళ్లు ఉండకూడదు. ఈ 12 రోజులూ బి-కాంప్లెక్స్ టానిక్ ఆపేయండి. ఆంప్రోలియం పనిచేసేదే రక్తపారుడు తెచ్చే క్రిమికి బి1 విటమిన్ అందకుండా చేసి. షాపువాళ్లు రెండూ ఒకే కవర్లో పెట్టి ఇస్తుంటారు. మందుకి విరుగుడు కూడా మనమే కొనుక్కొస్తున్నాం.

నీటి తొట్ల చుట్టూ తడిసిన ఊక తీసేసి పొడి ఊక వేయండి. తడి, వెచ్చదనం ఉంటే రెట్టలో పడిన క్రిమి గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వస్తాయి. ఫినాయిల్‌కి అవి చావవు.

నా మాట నమ్మనక్కర్లేదు, కోసి చూడండి. అప్పుడే చనిపోయిన పిల్ల పేగును కత్తెరతో నిలువునా చీల్చి, పళ్లెంలో నీళ్లు పోసి అందులో పరచండి. చివర ఉండే రెండు గుడ్డిపేగులు రక్తంతోనో గడ్డలతోనో నిండి ఉంటే రక్తపారుడే. ఏలికపాములైతే చిన్నపేగులో 5 నుంచి 12 సెంటీమీటర్ల తెల్లటి పాములు కనిపిస్తాయి. గుడ్డిపేగుల్లో సెంటీమీటరు పొడవుండేవి వేరే రకం. బద్దెపురుగు చదునుగా ఉంటుంది. దాని ముక్కలు రెట్టలో బియ్యపు గింజల్లా కదులుతాయి. వెంట్రుకలాంటి పురుగులు మాత్రం కంటికి ఆనవు, మైక్రోస్కోప్ కావాల్సిందే.

నాటుకోళ్లు పెద్దవి, బయట చీమల్నీ పేడపురుగుల్నీ ఏరుకు తింటాయి కాబట్టి వాటిలో నట్టలు ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నానంతే, మందు వేయమనడం లేదు. పైపరజిన్ ఏలికపాముల మీద పనిచేస్తుంది, బద్దెపురుగుల మీద కాదు. ఏది ఉందో తెలియకుండా నెలకోసారి పోస్తే డబ్బు దండగ, పైగా మందు లొంగని పురుగులు తయారవుతాయి. పొద్దున్నే ఐదారు చోట్ల నుంచి తాజా రెట్ట తీయండి. గట్టి రెట్టతో పాటు గోధుమ రంగు ముద్దలా పడేది కూడా ఉండాలి. డబ్బాలో పెట్టి, ఐస్ మీద ఆ రోజే హెబ్బాళ పశువైద్య కళాశాలకు తెండి. పిల్లల రెట్ట వేరే డబ్బాలో ఉండాలి. నాటుకోళ్లకు మందు, డోసు రిపోర్టు వచ్చాకే. ఇప్పటిదాకా తాగించిన మందుల సీసాలు కూడా పట్టుకురండి, లేబుళ్లు చింపకుండా.